ఆర్కిటిక్ మంకీస్ కొత్త ఆల్బమ్: సమీక్షకులు దేన్ని కొలుస్తున్నారు?

మూడో తీగ | 13 మే 2018

బ్రిటిష్ రాక్ బృందం ఆర్కిటిక్ మంకీస్ ఆరవ ఆల్బమ్ 'ట్రాంక్విలిటీ బేస్ హోటల్ అండ్ కసీనో' మొన్న శుక్రవారం, మే 11న విడుదలైంది. రెండు రోజులుగా ఆల్బమ్ వింటూ, మధ్యమధ్యలో దానిపై వచ్చిన సమీక్షలు చదువుతూ గడిపాను. సమీక్షలు మొత్తం మీద అనుకూలంగానే ఉన్నాయి. అయితే మెచ్చుకున్నవారూ పెదవి విరిచినవారూ ఒకే విషయం దగ్గర మొదలుపెట్టడం నన్ను ఆలోచింపజేసింది. 2013లో వచ్చిన వారి ముందటి ఆల్బమ్ 'ఏఎమ్'లో గిటార్లు ఉన్నాయి, ఇందులో పియానో ఉంది; అందులో వినగానే నోటికెక్కే పల్లవులు ఉన్నాయి, ఇందులో లేవు. ఈ తేడాను కొందరు సాహసం అన్నారు, కొందరు మొండితనం అన్నారు. తీర్పులు వేరైనా కొలబద్ద ఒకటే, అది పాత ఆల్బమ్.

నా మనవి ఏమిటంటే, ఈ పదకొండు పాటలు తమంతట తాము ఏం చేస్తున్నాయో చెప్పిన సమీక్షలు చాలా తక్కువగా కనిపించాయి. ఉదాహరణకు 'వన్ పాయింట్ పర్‌స్పెక్టివ్' పాట తీసుకోండి. మొదట్లో పియానో మీద ఒకే తీరు స్వరాలు టకటకమని పడుతూ ఉంటాయి, వాటి మీద గొంతు దాదాపు మాట్లాడుతున్నట్టే సాగుతుంది. ఆలోచన తెగిపోయిందనీ, కాస్త ఓపిక పట్టమనీ పాడే మనిషి అడుగుతాడు. పాట ద్వితీయార్ధంలో గిటార్ సోలో వస్తుంది. అది బలం చూపించుకోవడానికి కాక, ఆ మనిషి మరచిపోయిన మాటను వెతుకుతున్నట్టు నెమ్మదిగా నడుస్తుంది. గిటార్ లేదని రాసినవారు ఈ పాటను ఏ చెవితో విన్నారో నాకు అర్థం కాలేదు.

మీరందరూ విన్నాక, విన్నది విన్నట్టు రాయవలసిందిగా కోరుతున్నాను.

పాతకాపు | 13 మే 2018

మూడో తీగ గారూ, ముందే నా అసంతృప్తి చెప్పుకుంటాను. 2006 జనవరిలో వీరి మొదటి ఆల్బమ్ వచ్చినప్పుడు నేను ఇంజినీరింగ్ రెండో సంవత్సరంలో ఉన్నాను. బ్రిటన్‌లో మొదటి వారంలోనే 3,63,735 ప్రతులు అమ్ముడై, ఒక బృందం తొలి ఆల్బమ్‌కు అక్కడ అంతవరకూ లేని రికార్డు సృష్టించింది. ఆ సంఖ్య నాకు చాలా తర్వాత తెలిసింది. హాస్టల్ గదిలో ఆ రోజుల్లో నాకు తెలిసిందల్లా ఒక్కటే: నా వయసు కుర్రవాడొకడు శనివారం రాత్రి టాక్సీ కోసం నిలబడటం గురించి, క్లబ్బు వాకిట్లో కాపలాదారుతో గొడవ గురించి, తన ఊరి యాసలోనే పాడుతున్నాడు. వారి ఊరు షెఫీల్డ్ నేను చూడలేదు. కానీ ఆ పాటల్లో ప్రతి వీధీ నాకు తెలిసినట్టే ఉండేది.

ఇప్పుడు అదే మనిషి లాస్ ఏంజెలెస్ ఇంట్లో పియానో ముందు కూర్చుని, పాటల్లో చంద్రుడి మీద హోటల్ కట్టి, దాని రిసెప్షనులో ఫోన్ ఎత్తుతున్నాడు. మాటల్లో చమత్కారం ఉందని ఒప్పుకుంటాను. అయితే ఒక వాక్యం అర్థమయ్యేలోపు మరో మూడు వాక్యాలు దొర్లిపోతున్నాయి. బాణీ ఆ మాటలను మోయలేక వాటి వెనక నడుస్తోంది. ఏడో పాట నుంచి తొమ్మిదో పాట వరకూ నాకు ఒక్క బాణీ కూడా గుర్తు నిలవలేదు. కొలబద్ద పాతదని మీరు అంటున్నారు. పన్నెండేళ్లుగా ఒక గొంతుతో నడిచి వచ్చిన శ్రోత ఆ గొంతునే కొలతగా పెట్టుకోవడం సహజం కాదా?

మరొక మాట. ఇది పాటలు రాసి పాడే అలెక్స్ టర్నర్ ఒక్కడి ఆల్బమ్ అనీ, మిగతా ముగ్గురూ అతిథుల్లా ఉన్నారనీ కొందరు రాశారు. నాకూ అలాగే అనిపించింది.

కాకలి నిషాదం | 14 మే 2018

నేను వయొలిన్ నేర్పుతాను. ఈ బృందంతో నాకు పూర్వపరిచయం లేదు. నా శిష్యుడొకడు వినమని పంపితే విన్నాను. అందువల్ల నా దగ్గర పాత కొలబద్ద ఏదీ లేదు, మూడో తీగ గారు అడిగినట్టు విన్నది విన్నట్టే రాయగలను.

'ఫోర్ ఔట్ ఆఫ్ ఫైవ్' పాట దగ్గర నేను ఆగిపోయాను. మన పద్ధతిలో తంబుర శ్రుతి చేసుకుని కూర్చున్నాక కచేరీ ముగిసేదాకా ఆధార షడ్జమం, అంటే అన్నిటికీ ఆధారమైన 'స' స్వరం, కదలదు. రాగం మారవచ్చు, తాళం మారవచ్చు, గాయకుడు మూడు స్థాయుల్లోనూ తిరగవచ్చు, కానీ కాళ్ల కింద నేల అదే. ఈ పాట చివరి భాగంలో పల్లవి తిరిగి వచ్చేసరికి ఆ నేలే పైకి జరుగుతుంది. బాణీ అదే, మాటల తీరు అదే, ఆధారం మాత్రం మారిపోయింది. సర్దుకుని కూర్చునేలోపు మళ్ళీ జరుగుతుంది. పాశ్చాత్య సంగీతంలో శ్రుతిని ఇలా మార్చడం కొత్తేమీ కాదని నాకు తెలుసు. సాధారణంగా అది పాట ముగింపులో ఉత్సాహం పెంచడానికి ఒకసారి వాడే ఉపాయం. ఇక్కడ చంద్రుడి మీద ఉన్న హోటలుకు రమ్మని, ప్రయాణం చాలా సులువని ఊరిస్తున్న ప్రకటన లాంటి పాట అది. వినేవాడి కాళ్లు నేల మీద ఆనకుండా చేయడం అక్కడ అలంకారం కాదు, అర్థమే.

నాలుగైదు సమీక్షలు చదివాను. ఆ పాట మాటల గురించి అన్నీ రాశాయి, ఈ శ్రుతి మార్పు గురించి ఒక్కదానిలోనూ నాకు కనబడలేదు. సంగీత సమీక్షలో సంగీతానికి దక్కవలసిన చోటు ఇంత తక్కువా అని బాధ కలిగింది.

అర్ధరాత్రి శ్రోత | 14 మే 2018

నిషాదం గారి పోస్టు చదివి ఆ పాట మళ్ళీ పెట్టుకున్నాను. నిజంగానే నేల జరుగుతోంది. ఇన్నిసార్లు విన్నా నాకు తట్టలేదు.

మూడో తీగ | 15 మే 2018

పాతకాపు గారూ, మీ మొదటి మాటకు జవాబు చెప్పడం కష్టం, ఎందుకంటే అది మీ జీవితంలోంచి వచ్చిన మాట. రెండోదానికి మాత్రం చెప్పగలను. టర్నర్ ముప్పయ్యో పుట్టినరోజుకు మేనేజరు ఇయాన్ మెకాండ్రూ ఒక స్టైన్‌వే పియానో కానుకగా ఇచ్చాడు. ఇంట్లో ఖాళీగా ఉన్న గదిలో దాన్ని పెట్టుకుని, ఆ గదికి చంద్రతలం అని పేరు పెట్టుకుని, ఎనిమిది ట్రాకుల టేపు యంత్రం మీద టర్నర్ ఒంటరిగా ఈ పాటల నమూనాలు తయారు చేసుకున్నాడు. అంతవరకూ మీరన్నది నిజమే. తర్వాత గిటారిస్టు జేమీ కుక్ వచ్చి విన్నాడు, వాటికి తన గిటార్ జోడించాడు, అక్కడి నుంచి అది బృందం పని అయింది. ప్యారిస్ దగ్గర లా ఫ్రెట్ స్టూడియోలో మిగతా ఇద్దరితో పాటు మరికొందరు వాద్యకారులను కూడా పిలిచి, ఒకే గదిలో కూర్చుని కలిసి వాయిస్తూ రికార్డు చేశారు. ఇంట్లో టేపు మీద పాడిన గొంతులో కొంత భాగాన్ని మాత్రం అలాగే ఉంచేశారు.

మీకు వీలైతే 'స్టార్ ట్రీట్‌మెంట్' పాటను ఒకసారి నిక్ ఓమాలీ బేస్ గిటార్ మీద మాత్రమే చెవి పెట్టి వినండి. దాదాపు ఆరు నిమిషాల పాట అది. పల్లవి తిరిగి తిరిగి వచ్చి పట్టి నిలబెట్టే పాట కాదు. దాన్ని ముందుకు నడిపించేది ఆ బేసే. మాట్ హెల్డర్స్ డ్రమ్స్ సంగతి కూడా అంతే. మొదటి రెండు ఆల్బమ్‌లలో ఊపిరి ఆడనివ్వకుండా కొట్టిన మనిషి ఇక్కడ కొట్టకుండా వదిలేసిన చోట్లను లెక్కపెట్టండి. అతిథి అయినవాడు తన వంతు రాగానే గట్టిగా వినిపించి వెళ్లిపోతాడు. ఇంటివాడికే అంత సంయమనం ఉంటుంది.

నల్లబిళ్ళ | 19 మే 2018

నిన్న బ్రిటన్ ఆల్బమ్‌ల అమ్మకాల జాబితాలో ఇది మొదటి స్థానంలో నిలిచింది. వరుసగా ఆరో ఆల్బమ్ ఇలా నేరుగా మొదటి స్థానానికి రావడం. మొదటి వారంలో దాదాపు 86,000 ప్రతులు, అందులో దాదాపు 24,500 ఎల్పీలు, అంటే పెద్ద నల్ల రికార్డులు. గత పాతికేళ్లలో ఇంత వేగంగా అమ్ముడైన ఎల్పీ లేదని అంటున్నారు.

ఇక్కడ గమనించవలసింది వేరొకటి ఉంది. విడుదలకు ముందు ఒక్క పాట కూడా విడిగా బయటకు ఇవ్వలేదు. ఏప్రిల్ మొదటి వారంలో ఆల్బమ్ వస్తోందని ప్రకటించారు. మే 2న శాన్ డియేగోలో వేదిక మీద కొన్ని పాటలు వాయించారు. అంతే. ఈ రోజుల్లో మూడు నెలల ముందు ఒక పాట, నెల ముందు మరొకటి వదలడం రివాజు. అలా చేసి ఉంటే 'ఫోర్ ఔట్ ఆఫ్ ఫైవ్' గురించి అందరూ ముందే అభిప్రాయాలు ఏర్పరచుకుని, మిగతా పాటలను దాని వెంట వచ్చినవిగా వినేవారు. ఇప్పుడు శ్రోతకు మొత్తం నలభై నిమిషాలూ ఒకేసారి చేతికి వచ్చాయి. ఆ నలభై నిమిషాలను మాత్రం చాలామంది నలభై నిమిషాల్లోనే తేల్చేశారు.

నా ప్రతి మొన్న బెజవాడకు చేరింది. అట్ట మీది బొమ్మ టర్నర్ స్వయంగా అట్టముక్కలు కోసి, అతికించి చేసిన హోటల్ నమూనా. దాన్ని పాతకాలపు రీలు టేపురికార్డరు మీద నిలబెట్టి ఫొటో తీశారు. ఫోన్ తెర మీద చూస్తే అది కంప్యూటరులో గీసిన బొమ్మలా ఉంది. పన్నెండు అంగుళాల అట్ట మీద దగ్గర నుంచి చూస్తే అది చేత్తో కోసిన వస్తువని తెలుస్తుంది. ఆల్బమ్ మొత్తం నాకు అలాగే తోచింది: దూరం నుంచి నునుపు, దగ్గరికి వెళ్తే చేతిపని.

అర్ధరాత్రి శ్రోత | 20 మే 2018

సమీక్షల చివర కనిపించే నక్షత్రాల సంగతి కాస్త వివరంగా రాయాలని ఉంది.

'ఫోర్ ఔట్ ఆఫ్ ఫైవ్' అంటే ఐదుకు నాలుగు. చంద్రుడి మీది ఆ హోటల్ పైకప్పున తెరిచిన టాకో (మెక్సికన్ తినుబండారం) దుకాణానికి వచ్చిన మార్కులవి. ఆ దుకాణం పేరు 'ఇన్ఫర్మేషన్ యాక్షన్ రేషియో'. ఈ మాట టర్నర్ పుట్టించింది కాదు. అమెరికన్ రచయిత నీల్ పోస్ట్‌మన్ 1985లో వచ్చిన తన పుస్తకంలో వాడిన మాట. ఆయన చెప్పింది స్థూలంగా ఇది: ఒకప్పుడు మనిషికి చేరే కబురు ఎక్కువగా తన ఊరి కబురే, దాన్ని విని అతను చేయవలసిన పని ఏదో ఉండేది. టెలిగ్రాఫు వచ్చాక ఎక్కడెక్కడి వార్తలో చేరడం మొదలైంది, వాటి విషయంలో మనం చేయగలిగింది ఏమీ లేదు. కబురుకూ పనికీ మధ్య ఉన్న నిష్పత్తి చెడింది.

ఇప్పుడు ఈ పాటను సమీక్షకుడి బల్ల మీద పెట్టి చూడండి. భూమిని వదిలేసి వెళ్లాక కూడా మనుషులు అక్కడ ఒక తినుబండారాల దుకాణానికి నక్షత్రాలు ఇస్తున్నారు. ఆ పాటను విన్న సమీక్షకుడు అదే రోజు ఆల్బమ్‌కు నక్షత్రాలు ఇస్తున్నాడు. సమీక్షకుల తప్పు ఇందులో ఉందని నేను అనడం లేదు. వారికి గడువు ఉంది, పేజీలో చోటు ఇంత అని ఉంది, చివర నక్షత్రాలు వేయక తప్పదు. కానీ ఐదుకు నాలుగు అన్న అంకె నాకు చేరాక దానితో నేను చేయవలసిన పని ఏమిటి? ఆ అంకె పాట వినడానికి సాయపడుతుందా, వినకుండానే మాట్లాడటానికి సాయపడుతుందా? నిషాదం గారు రాసిన ఆ నాలుగు వాక్యాలు చదివి నేను లేచి వెళ్లి పాట పెట్టుకున్నాను. నాకు తెలిసిన సమీక్ష అంటే అదే.

పాతకాపు | 21 మే 2018

నాకు కావలసిన గొంతు ఇందులో లేదన్న బాధ అలాగే ఉంది. అయితే మూడో తీగ గారు చెప్పినట్టు బేస్ మీద చెవి పెట్టి విన్నాను. టర్నర్ ఒక్కడి ఆల్బమ్ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. మొదటి పాట మొదటి వాక్యంలోనే, తాను స్ట్రోక్స్ అనే అమెరికన్ రాక్ బృందంలో ఒకడు కావాలని మాత్రమే అనుకున్నానని టర్నర్ పాడుతున్నాడు. ఇన్నాళ్లూ ఆ వాక్యాన్ని చమత్కారంగానే విన్నాను. నిన్న రాత్రి విన్నప్పుడు, ఇరవై ఏళ్లప్పుడు కోరుకున్నదాన్ని ముప్పై రెండేళ్లకు తలచుకుంటున్న మనిషి గొంతు అందులో వినబడింది. అతనికీ నాకూ దాదాపు ఒకే వయసు.

ఏడు, ఎనిమిది, తొమ్మిది పాటల మీద నా అభిప్రాయం మారలేదు.

చలిగాలి | 24 సెప్టెంబరు 2018

ఈ చర్చను ఇప్పుడే చూశాను. నేను షెఫీల్డ్‌లో ఎమ్మెస్సీ చదువుతున్నాను. గత వారం ఈ ఊళ్లోని ఎరీనాలో బృందం నాలుగు రాత్రులు వాయించింది. ఒక రాత్రి టిక్కెట్ దొరికింది.

పాతకాపు గారూ, మీరు రాసిన టాక్సీ వరుసలు ఇక్కడ ఇప్పటికీ ఉన్నాయి, శనివారం రాత్రి చలిలో కోట్లు లేకుండా నిలబడే కుర్రవాళ్లూ ఉన్నారు. నేను పార్ట్‌టైమ్ పనిచేసే చోట యాభై దాటిన ఒకావిడ ఉంది. మనవాళ్లు అని కాక, మా కుర్రాళ్లు అనే అంటుంది ఈ బృందాన్ని. కొత్త ఆల్బమ్ నచ్చిందా అని అడిగితే కొంతసేపు ఆలోచించి, నచ్చకపోతే మాత్రం ఏం, ఇంటికి వచ్చారు కదా అంది. ఊరివాళ్ల కొలబద్ద అది.

ఆ రాత్రి కచేరీ 'ఫోర్ ఔట్ ఆఫ్ ఫైవ్'తోనే మొదలైంది. పాత పాటలకు జనం గోడలు అదిరేలా పాడారు, అది అందరూ ఊహించేదే. నేను ఊహించనిది ఈ మొదటి పాట దగ్గర జరిగింది. చివర్లో ఆ శ్రుతి మార్పు వచ్చినప్పుడు పాడుతున్న వేలమంది ఒక్క క్షణం తడబడ్డారు. సగం మంది పాత శ్రుతిలోనే ఉండిపోయారు, సగం మంది పైకి ఎక్కారు. తర్వాత మెల్లగా అందరూ కలిశారు. నా పక్కనున్న అబ్బాయి తల పైకెత్తి, మెడ నరాలు తేలేలా, ఆ కొత్త స్వరాన్ని అందుకోవడానికి ప్రయత్నిస్తున్నాడు. నిషాదం గారు రాసిన ఆ మాటలు అప్పటికి నేను చదవలేదు. ఈ రోజు చదివాక ఆ అబ్బాయి మెడ గుర్తొచ్చింది.

బ్రిటన్‌లో ఏటా ఉత్తమ ఆల్బమ్‌కు ఇచ్చే మెర్క్యురీ బహుమతి తుది జాబితాలో ఈ ఆల్బమ్ ఉందని మీకు తెలిసే ఉంటుంది. గత గురువారం వుల్ఫ్ ఆలిస్ బృందం గెలిచింది. మా పనిచోటులో ఎవరూ పెద్దగా బాధపడలేదు.

కాకలి నిషాదం | 25 సెప్టెంబరు 2018

చలిగాలి గారూ, వేలమంది శ్రుతి తప్పి మళ్ళీ కలవడం ఎంత గొప్పగా వినబడి ఉంటుందో ఊహించగలను. మీరు రాసినందుకు కృతజ్ఞతలు. మా శిష్యులకు చదివి వినిపించాను.

మూడో తీగ | 30 అక్టోబరు 2022

నాలుగేళ్ల తర్వాత ఈ చర్చను పైకి తెస్తున్నాను. ఏడో ఆల్బమ్ 'ది కార్' ఈ నెల 21న వచ్చింది. అదే రోజు టేలర్ స్విఫ్ట్ ఆల్బమ్ కూడా రావడంతో బ్రిటన్ జాబితాలో ఇది రెండో స్థానంలో ఆగింది. వరుసగా ఆరుసార్లు మొదటి స్థానం దక్కిన పరంపర అక్కడ తెగింది.

నేను రాయదలచుకున్నది స్థానం గురించి కాదు. ఈసారి సమీక్షలు చదవండి. 2018లో ఏ ఆల్బమ్‌ను దారి తప్పినదిగా రాశారో, ఇప్పుడు దాన్నే దారిగా తీసుకుని 'ది కార్' ఆ దారిలో ఎంత ముందుకు వెళ్లిందని కొలుస్తున్నారు. తీగవాద్యాలు మరింత ఒదిగాయనీ, చంద్రుడి మీది పాటల్లోని కథల హడావిడి తగ్గి మనసులోని మాట ఎక్కువైందనీ అంటున్నారు. అందులో చాలావరకు నిజం ఉంది. కానీ పాత ఆల్బమ్ కొలబద్దగా మారడానికి నాలుగేళ్లు పట్టింది. ఆ నాలుగేళ్లలో ఆ పాటలు ఒక్క స్వరం కూడా మారలేదు.

నల్లబిళ్ళ గారూ, 'ది కార్' అట్ట మీది ఫొటో మాట్ హెల్డర్స్ తీసినదట. మీ చేతికి ప్రతి వచ్చాక అది దగ్గర నుంచి ఎలా ఉందో చెప్పండి.

పాతకాపు | 2 నవంబరు 2022

'ది కార్' నాకు వెంటనే నచ్చింది. ఎందుకని ఆలోచిస్తే, మధ్యలో ఆ నాలుగేళ్లు నా చెవిని సిద్ధం చేశాయని అర్థమైంది. 2018 ఆల్బమ్ లేకుండా నేరుగా దీన్ని నా చేతికి ఇచ్చి ఉంటే, ఇక్కడే వచ్చి ఇంకా కఠినంగా రాసి ఉండేవాణ్ని.

నిన్న ఆ ఆల్బమ్ మళ్ళీ మొదటి నుంచి విన్నాను. చివరి పాట 'ది అల్ట్రాచీజ్' ఇప్పుడు నాకు వారి మొత్తం పాటల్లో బాగా దగ్గరైనవాటిలో ఒకటి. గోడ మీద స్నేహితుల ఫొటోలు ఇంకా ఉన్నాయని, వాళ్లు మాత్రం ఇప్పుడు స్నేహితులుగా లేరని అందులో ఒక మాట వస్తుంది. మొదటి ఆల్బమ్‌ను హాస్టల్లో నాతో కలిసి విన్న ముగ్గురిలో ఇద్దరితో నేను మాట్లాడి చాలా ఏళ్లయింది. ఇన్నాళ్లూ నాకు కావాలని అడిగిన షెఫీల్డ్ గొంతు ఇదేనేమో, వయసు పెరిగి ఈ పాటలో కూర్చుంది.

ఏడో పాట, తొమ్మిదో పాట ఇప్పటికీ గుర్తు నిలవడం లేదు. ఎనిమిదో పాట 'సైన్స్ ఫిక్షన్' మాత్రం నిన్న రెండుసార్లు పెట్టుకున్నాను.

నల్లబిళ్ళ | 3 నవంబరు 2022

నా ప్రతి ఇంకా దారిలో ఉంది. రాగానే చూసి రాస్తాను. పాతకాపు గారూ, తొమ్మిదో పాటను ఈసారి హెడ్‌ఫోన్లు తీసేసి, పెద్ద స్పీకర్ల మీద వినండి. పల్లవి దగ్గర గిటార్ గరగరమంటూ గది నిండా పరుచుకుంటుంది. చిన్న పరికరాల మీద అది అణగిపోతోంది.

పాతకాపు | 3 నవంబరు 2022

ఆదివారం మా అన్నయ్య ఇంటికి వెళ్తున్నాను, అక్కడ పెద్ద స్పీకర్లు ఉన్నాయి. విని రాస్తాను.